చిన్నరసానికి ఎన్ని అక్షరాలు?

మాది బాపులపాడు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, ఓ వేసవి సెలవుల్లో బాబాయి మామిడికాయల లెక్కలకి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. పట్టీలో వరసలు కుదరాలని రకం పేరుని పది దగ్గర కత్తిరించమన్నాను. ‘చిన్నరసం’ కాస్తా ‘చిన’ అయి, పక్కన ఓ ప్రశ్నార్థకం మిగిలింది. బాబాయి చూసి, “ఇదేం రకంరా, మన తోటలో లేదే?” అన్నాడు.

అది పైథాన్ 2. మామూలు కొటేషన్లలో రాసిన మాట దానికి అక్షరాలు కాదు, బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. అంటే చిన్నరసం పొడవు 24. పదో బైటు దగ్గర కత్తి పడితే నకారం కింది పొల్లు ముక్కలైంది.

యూనికోడ్ అప్పటికే లేకపోలేదు. 2000 అక్టోబరులో వచ్చిన 2.0 దాన్ని తెచ్చింది గానీ పక్కగదిలో కూర్చోబెట్టింది. కొటేషన్ ముందు ‘యూ’ అక్షరం పెడితేనే పలికేది. ఈ రెండు రకాల మాటల్నీ కలిపితే, ఇంగ్లీషైతే చప్పుడు లేకుండా కలిసిపోయేవి. తెలుగైతే ఎర్రర్. ఇంగ్లీషులోనే పరీక్షించుకునేవాళ్లకి ఈ జబ్బు ఎలా కనిపిస్తుంది?

దీన్ని చిన్న విడుదలలో సరిచెయ్యలేరు. చుక్క తర్వాతి అంకె మారితే నిన్నటి ప్రోగ్రాం ఇవాళా నడుస్తుందని అందరి నమ్మకం. చుక్కకి ముందున్న అంకె మారితేనే మాట తప్పే హక్కు. గీడో వాన్ రోసమ్ బృందం ఆ హక్కుని 2008 డిసెంబరు 3న, 3.0తో వాడుకుంది. ఇకపై మాటలన్నీ యూనికోడే, బైట్లది వేరే రకం. చలరాశికి ‘మామిడి’ అని తెలుగులో పేరు పెట్టుకోవచ్చు కూడా.

ప్లాన్ మాత్రం తప్పింది. ఓ పరికరంతో పాత కోడ్‌ని ఒక్కసారే మార్చేసుకుంటారనుకున్నారు. లైబ్రరీలు రాసేవాళ్లకేమో రెండు వైపులా వాడుకరులు. ఒకే కోడ్ రెండింటిలోనూ నడవాలి. 3.0 ఆ ‘యూ’ని తీసిపారేసింది కదా, 2012లో 3.3 దాన్ని తిరిగిచ్చింది. పెద్ద విడుదల తెంపినదాన్ని ఓ చిన్న విడుదల ముడేసిందన్నమాట. ఈ కథ మొత్తంలో తెలివైన పని అదేనంటాను. 2.8 రాదని ముందే తేల్చి చెప్పేశారు. 2.7కి 2015లో సెలవన్నారు, 2014లో ఆ గడువుని 2020 దాకా జరిపారు.

ఇప్పుడు ఏటా అక్టోబరులో ఒక చిన్న విడుదల. (మామిడే నయం, ఏడాది విడిచి ఏడాది విశ్రాంతి తీసుకుంటుంది.) పెద్దదాని ఊసెత్తితే అందరికీ భయం. ఆ పన్నెండేళ్లూ వృథా అనే మిత్రులు నాకున్నారు. వాళ్ల ప్రోగ్రాముల్లో ఇంగ్లీషు తప్ప ఏమీ ఉండేది కాదు.

మొన్న వేసవిలో ఆ పాత ప్రోగ్రాంని సరిచేసి 3లో నడిపాను. చిన్నరసం నిండుగా వచ్చింది. పొడవు 8 అంది. వరసలు ఇంకా వంకరే. బాబాయి వేళ్ల మీద లెక్కపెట్టాడు. చి, న్న, ర, సం. “నాలుగే కదరా!”

గుడినీ పొల్లునీ సున్ననీ విడివిడిగా లెక్కేస్తుంది పైథాన్. దాన్ని నాలుగు అనిపించాలంటే మళ్లీ ముందరి అంకె మార్చాలి. ఆ సంగతి బాబాయికి చెప్పలేదు.