శునక లాఘవ క్రీడ

నారాయణగూడలో ప్రభుత్వ సంస్థలు రెండు గలవు. ఒకటి నివారణ వైద్య సంస్థ, ఐ.పి.ఎం. అనిన గాని ఆటోవానికి తెలియదు. కుక్క కరచినవారు సూదిమందు కొరకు అచ్చటికి పోవుదురు. పూర్వము ఆ మందును గొఱ్ఱె మెదడునుండి ఆ సంస్థయందే తయారు చేయుచుండిరి. బొడ్డు చుట్టును పదునాలుగు సూదులని చెప్పి పిల్లలను బెదరించిన పెద్దలు ఈ పేటలలో నేటికిని ఉన్నారు. ఆ మందు పోయినది. ఇప్పుడు చేతికి వేయు నాలుగైదు సూదులతో పని తీరుచున్నది. భయము మాత్రము పోలేదు. రెండవది పశువైద్యశాల. చిక్కడపల్లినుండియు, అశోకనగరమునుండియు కుక్కలను స్కూటరు ముందు నిలుపుకొనియో, ఆటోలో ఒడిని కూర్చుండబెట్టుకొనియో వచ్చువారు ఇచ్చటికి చేరుదురు. కుక్కవలన భయపడినవారు ఒక వాకిట, కుక్క కొరకు భయపడువారు మరియొక వాకిట నిలిచియుందురు.

ఈ రెండు సంబంధములు కాక మనిషికిని కుక్కకును నడుమ మూడవది ఒకటి గలదు. అది ఆట. ఆంగ్లేయులు 'అజిలిటీ' అని పేరు పెట్టిన క్రీడను గూర్చి మేము ఇచ్చట ముచ్చటింపనెంచినాము. దానిని లాఘవ క్రీడ యందము. కుక్క కొన్ని అడ్డంకులను వరుసగా దాటుచు పరుగెత్తును. యజమాని ప్రక్కన పరుగెత్తుచు దారి చూపును. ఇంతే ఆట. ఇది పుట్టి ఇంకను ఏబది యేండ్లు నిండలేదు. కాని దీని వెనుకనున్న కథ మాత్రము చాల పాతది.

నన్నయభట్టారకుడు భారతమును తెనుగున ఆరంభించిన కొంతసేపటికే మనకొక కుక్కపిల్ల కనిపించును. జనమేజయుని యజ్ఞభూమి దాపున అది ఆడుకొనుచుండెను. రాజు తమ్ములు కోపించి దానిని కొట్టిరి. అది ఏడ్చుచు తల్లియైన సరమతో చెప్పుకొనగా, ఆ దేవశుని రాజునొద్దకు వచ్చి, ఏ తప్పును చేయని బిడ్డను ఏల కొట్టితిరని నిలదీసెను. పండితులు దీనినుండి నీతిని గ్రహింతురు. మాకు మాత్రము ఆ పిల్ల చేయుచున్న పనియే ముఖ్యముగా తోచును. అది కాపలా కాయుట లేదు, వేటాడుట లేదు, ఆడుకొనుచున్నది. ఆ పిదప మన కావ్యములలో కుక్క కనిపించినప్పుడెల్ల పనిలోనే కనిపించును. పెద్దన స్వరోచి వేటకు పోయినను, ధూర్జటి తిన్నడు అడవికి పోయినను జాగిలములు వెంట నుండవలసినదే. పల్లెలో కాపలా, అడవిలో వేట, మందవెంట కాపు. కుక్క తినిన కూటికి ఏదో యొక పని చూపవలెను. లోకమంతటను ఇదే మాట.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో ధనికులు ఈ లెక్కను మార్చిరి. 1873లో అచ్చట కెన్నెల్ క్లబ్ ఏర్పడెను. 1891లో చార్లెస్ క్రఫ్ట్ అను వర్తకుడు తన పేరిట గొప్ప శునక ప్రదర్శనమును నెలకొల్పెను. కుక్కను బల్లపై నిలిపి, చెవి ఎట్లున్నది, తోక ఎట్లు వంగినది, వెన్ను తీరుగా నున్నదా అని కొలిచి బహుమతులిచ్చుట మొదలయ్యెను. పని పోయి రూపము వచ్చెను. ఈ అందపు పోటీలయందు మాకంత మక్కువ లేదు. రూపము కొరకు పెంచగా పెంచగా ఊపిరి సరిగా ఆడని కుక్కజాతులు కొన్ని బయలుదేరుటను చూచుచునే యున్నాము.

పనిని మరువనివారు కూడ ఇంగ్లండులో నుండిరి. 1924నుండి అచ్చట పోలీసు, సైనిక, గొఱ్ఱెలకాపు కుక్కలకు ప్రత్యేక పరీక్షలు జరుగుచు వచ్చినవి. ఆ పరీక్షలలో స్థిరపడిన కొలతల ప్రకారము కుక్క 3 అడుగుల కంచె దుముకవలెను. 9 అడుగుల పొడవు లంఘింపవలెను. 6 అడుగుల చెక్కగోడ నెక్కి దిగవలెను. మన పోలీసు జాగిలములు నేర్చు విద్యలును ఈ కోవలోనివే. హైదరాబాదు సమీపమున మొయినాబాదులోని శిక్షణాలయమున జాగిలమును, దానిని నడపు కానిస్టేబులును నెలల తరబడి జంటగా విద్య నేర్తురు. శిక్షణ ముగిసిన దినమున జాగిలములు కంచెలు దుముకుచుండ అతిథులు చప్పట్లు కొట్టుదురు. అయినను అది ఆట కాదు, ఉద్యోగము.

లాఘవ క్రీడ పుట్టుక మాత్రము తమాషాయైనది. 1978 ఫిబ్రవరిలో లండనులోని ఒలింపియా మందిరమున క్రఫ్ట్స్ ప్రదర్శనము జరుగుచుండెను. పెద్ద పోటీల నడుమ విరామము వచ్చును. ప్రేక్షకులు లేచి పోకుండ నిలుపుటకు ఏదైన వినోదము కావలెను. నిర్వాహక సంఘ సభ్యుడు జాన్ వార్లీకి గుఱ్ఱపు పోటీలతో పరిచయము గలదు. గుఱ్ఱములు కంచెలు దుముకు పోటీవంటిదానిని కుక్కలకు ఏల పెట్టరాదని ఆయనకు తోచెను. పీటర్ మీన్‌వెల్ అను శిక్షకుడు అడ్డంకులను రూపొందించెను. రెండు జట్లు పోటీపడెను. జనులు విరగబడి చూచిరి. విరామములో కాలక్షేపమునకై తెచ్చినది అసలు పోటీలకంటె ఎక్కువ కేరింతలు పుట్టించెను. ఆ సంవత్సరముననే మన చిక్కడపల్లికి కూతవేటు దూరమున ఇందిరా పార్కు ప్రజలకు తెరువబడినది. రెంటికిని ఏ సంబంధమును లేదు. ఏడు గుర్తుంచుకొనుటకు పనికివచ్చునని చెప్పితిమి.

1980లో కెన్నెల్ క్లబ్ నియమావళిని ప్రకటించెను. 1986లో అమెరికాలో ప్రత్యేక సంఘము వెలసెను. 1996లో స్విట్జర్లాండున మొదటి ప్రపంచ పోటీలు జరిగెను. ఇక నియమములు చూతము. ఆట రుచి అందున్నది.

అంతర్జాతీయ పోటీలలో 15 మొదలు 22 వరకు అడ్డంకులుండును. కంచెలు, వ్రేలాడు టైరు, వంకర తిరిగిన గుడ్డ సొరంగము, ఏటవాలుగా నిలిపిన రెండు పలకల గోపురము, సన్నని వంతెన, తూగుడు బల్ల, వరుసగా పాతిన 12 కఱ్ఱలు. ఈ కఱ్ఱల నడుమ ఎడము 60 సెంటీమీటర్లు. కుక్క మొదటి కఱ్ఱను తన ఎడమ భుజమువైపున ఉంచుకొని ప్రవేశించి, పామువలె మెలికలు తిరుగుచు చివరకు రావలెను. తూగుడు బల్ల కొస నేలను తాకకముందే దుమికినచో తప్పు. వంతెనకు రెండు చివరల వేరు రంగు పూసిన పట్టీ యుండును. దానిపై ఒక పాదమైనను మోపక దుమికినచో తప్పు. ఇది చాదస్తము కాదు. ఎత్తునుండి నేలకు దుమికిన కుక్కకు కీళ్ళు దెబ్బతినును. వేగము కొరకు ఒడలు పాడు చేసికొనరాదని నియమమే కుక్క పక్షమున నిలిచినది. 18 నెలలు నిండని కుక్కను అంతర్జాతీయ పోటీలకు రానీయకపోవుటకును ఇదియే కారణము.

అన్నిటికంటె విశేషమైన నియమము మరియొకటి గలదు. కుక్క మెడకు పట్టీ యుండరాదు. యజమాని చేతిలో గొలుసు లేదు, కఱ్ఱ లేదు, తినుబండారము లేదు. పరుగు మధ్యమున కుక్కను తాకరాదు. అడ్డంకుల క్రమము ఆ దినముననే తెలియును. పోటీకి ముందు కొద్ది నిమిషములు యజమాని ఒంటరిగా ఆ దారిని నడచి జ్ఞాపకము పెట్టుకొనును. కుక్కకు ఆ దారి తెలియదు. ఆ మనిషి భుజము తిరిగిన తీరు, పాదము చూపిన దిక్కు, గొంతు పలికిన ఒక్క మాట, వీటినిబట్టియే అది పరుగెత్తవలెను. యజమాని ఒక క్షణము తడబడినచో కుక్క తప్పు సొరంగమున దూరును. చూచువారు కుక్కను చూచి నవ్వుదురు. తెలిసినవారు యజమాని పాదములను చూతురు. ఈ పోటీలలో కుక్క ఖాతాకు వ్రాసిన తప్పులలో చాలవరకు మనిషివే.

ఈ క్రీడలో అగ్రస్థానము తరచుగా బోర్డరు కోలీ అను జాతిది. ఇంగ్లండు, స్కాట్లండు సరిహద్దు కొండలలో గొఱ్ఱెల మందలను కాచిన కుక్క అది. దూరమునుండి కాపరి వేసిన ఈలను విని, మందను కుడికి ఎడమకు మళ్ళించుట దానికి తరతరముల విద్య. పరుగెత్తుచునే మనిషివైపు ఒక చెవి ఉంచుట అను గుణము దానికి అట్లు వచ్చినది.

మనకట్టి కుక్క లేదా? ఉన్నది. జోనంగి. కొల్లేటి పరిసరములలోను, కృష్ణా గోదావరీ మండలములలోను పెరిగిన పొట్టి వెండ్రుకల కుక్క. నుదుట ముడుతలు దాని గుర్తు. ఇతర కుక్కలవలె మొరుగదు, సాగదీసి కూయును. దీనిని బాతులు మేపువారు పెంచిరి. కోసిన వరిచేలలో వందల బాతులను గుంపుగా తోలుకొని పోవుచుండ, చెదరిన బాతును కరవక, బెదరింపక గుంపులో కలుపుట దీని పని. గొఱ్ఱె తప్పిపోయిన కేకవేసి పిలువవచ్చును. నీటిలోనికి జారిన బాతును మరలించుట ఎంత నేర్పో ఆలోచింపుడు. తరువాత కొల్లేటి చుట్టు చేపల చెరువులు వెలసినవి. బాతుల మందలు తగ్గినవి. గట్లను త్రవ్వు అలవాటుగల ఈ కుక్క చెరువుల యజమానులకు కంటగింపయ్యెను. పని పోయిన కుక్కకు ఆదరణయు పోయెను. స్కాట్లండులో కాపరికుక్కకు పోటీల రూపమున ఒక కొత్త బ్రతుకు దొరకినది. మన జోనంగికి దొరకలేదు. దీనిని తలచినప్పుడు మాకు విచారము కలుగును. మందను కాచిన తెలివిని ఆటలోనికి మళ్ళించు అవకాశము దానికిని ఉండెను గదా!

ఇక మన నగరమునకు వత్తము. 2018లో నగరపాలక సంస్థవారు కొండాపురమున, ఒకప్పుడు చెత్త పోసిన 1.3 ఎకరముల స్థలమున కుక్కల కొరకు ఉద్యానమును నిర్మించిరి. కుక్కలు దుముకుటకు, ఎక్కుటకు తగిన సాధనములు అచ్చట అమర్చిరి. మంచి పనియే. కాని అది నగరమునకు ఆ కొసన నున్నది. చిక్కడపల్లి సందులలో రెండు స్కూటర్లు ఎదురుపడినచో ఒకటి వెనుకకు పోవలసినదే. అశోకనగరము పోటీ పరీక్షలకు చదువు యువకులతో నిండినది. అద్దె గదులలో మనుష్యులకే చోటు చాలదు. పాత పెంకుటిండ్లు పోయి అపార్టుమెంట్లు లేచినవి; పెరడు పోయినది. కుక్క మాత్రము ఇంటిలోనికి వచ్చినది.

అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. 2023 ఫిబ్రవరిలో, నారాయణగూడకు ఎంతో దూరము లేని అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీథికుక్కల పాలబడి మరణించెను. ఆ తల్లిదండ్రుల ముందు కుక్కల ఆటలను గూర్చి మాటలాడుటకు ఎవరికిని నోరు రాదు. వీథికుక్కల సంతతి నరికట్టి, టీకాలు వేయు నియమములు 2001లో వచ్చినవి, 2023లో మార్పబడినవి, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు దాక వివాదము పోయినది. లాఘవ క్రీడ ఈ సమస్యకు మందు కాదు. అట్లని మేము చెప్పుట లేదు. కాని వీథిలో పుట్టని కుక్కలు కూడ వీథికి చేరుచున్నవి. ముచ్చటపడి వేలు పోసి కొన్న పిల్ల ఏడాదికి పెద్దదగును. దినమంతయు మూడు గదులలో గొలుసున కట్టబడి, ఏ పనియు లేక, ఏ ఆటయు లేక సోఫాను చీల్చును, మొరుగును, ఒకనాడు పొరుగింటి పిల్లవానిపై దుముకును. అప్పుడు దానిని ఊరి చివర విడిచి వత్తురు. కూటికి లోటు లేకపోయినను, తోచుబడి లేక చెడిన కుక్క అది. మందనో వేటనో ఎరిగిన ఒడలికి దినమునకు పావుగంటయైనను పని కావలెను. పని లేనిచోట ఆట కావలెను.

ఇది ధనికుల వేడుకయని కొందరందురు. కొంత నిజమే, పోటీ సామగ్రి ఖరీదైనది. కాని ఈ ఆటకు గొప్ప జాతి అక్కరలేదు. ఇంగ్లండులో సంకరజాతి కుక్కలు మొదటినుండి ఇందు పాల్గొనుచున్నవి. దిక్కులేక ఆశ్రయము పొందిన కుక్కలకు క్రఫ్ట్స్‌లోనే ప్రత్యేక పోటీ గలదు. సందులో పుట్టిన మన ఊరకుక్క పిల్ల, టీకాలు వేయించి పెంచినచో, ఈ ఎండలకు అలవాటుపడిన ఒడలు గలది గనుక, చలిదేశపు బొచ్చుకుక్కకంటె మేలుగా పరుగెత్తును.

ఇంటిలో ఆరంభింపగోరువారికి కొన్ని మాటలు. రెండు ఇటుకలపై చీపురుకఱ్ఱను అడ్డముగా పెట్టిన కంచె యగును. కుక్క కాలు తగిలిన అది పడిపోవలెను, బిగించి కట్టరాదు. ఏడాది నిండని పిల్లకు కఱ్ఱను నేలపైననే ఉంచి దాటింపుడు. సొరంగమునకు భోజనాల బల్లపై దుప్పటి కప్పిన చాలును. నున్నని గచ్చుపై దుమికింపకుడు, కాలు జారును, గోనెపట్టాలు పరచుడు. మేడపై ఆడించువారు పిట్టగోడ ఎత్తు చూచుకొనవలెను. అడ్డంకి దాటినప్పుడు చిన్న రొట్టెముక్క ఇచ్చి మెచ్చుకొనుడు. దాటనప్పుడు గద్దింపక కఱ్ఱను ఇంకను దింపుడు. వేసవిలో సూర్యుడు రాకమునుపే ముగింపవలెను. అరచేతి వెనుకవైపును మేడ గచ్చుపై ఏడెనిమిది క్షణములు ఆనించి చూడుడు. మీకు ఓర్వలేని వేడి దాని పాదములకును ఓర్వరానిదే.