ఎడింబరో సభలో పౌండు ప్రశ్న

స్కాట్లండు 1707లో కోల్పోయిన శాసనసభను 1999లో మరల పొందెను. బొక్కసమునకు మాత్రము అధికధనము లండను ఖజానానుండియే వచ్చుచుండెను. 2013 నవంబరులో ఎడింబరో ప్రభుత్వము స్వాతంత్ర్య ప్రణాళికను ప్రకటించి, పౌండును బ్రిటనుతో ఉమ్మడిగానే వాడుకొందుమనెను. 2014 ఫిబ్రవరిలో లండను ఆర్థికమంత్రి ఆస్బరన్ అందులకు సమ్మతింపడాయెను.

అంతట ప్రతిపక్షసభ్యులు, పౌండు దక్కనిచో మార్గాంతరమేమని ప్రథమమంత్రి అలెక్స్ సాల్మండును పలుమారు నిలదీసిరి. పౌండు మాదియు గదా యని యాయన సమాధానము. అడిగినవారు వేర్పాటునకు విరోధులే. అయినను ప్రశ్న న్యాయమైనదేయని మా యభిప్రాయము. వేరుకాపురము పెట్టబోవు కుమారుని, బియ్యమెక్కడిదని తల్లి యడిగిన నది వైరమగునా?

సెప్టెంబరు 18న వోటిచ్చినవారిలో నూటికి 55 మంది స్వాతంత్ర్యము వలదనిరి. ప్రణాళికలో పీపా 110 డాలర్లుగా లెక్కించిన చమురువెల, 2015 జనవరిలో 50 డాలర్లకు లోబడెను.