రెండు పొయ్యిల ఇల్లు: బ్రౌజరు వాకిలి కథ

మనిషికి బదులు ఒక ప్రోగ్రాము బ్రౌజరును నడపాలన్న కోరిక కృత్రిమ మేధతో పుట్టినది కాదు. నేడు ఏజెంట్లు మన తరఫున పేజీలు తెరుస్తున్నాయి, దరఖాస్తులు నింపుతున్నాయి. అవి నడిచే బాట మాత్రం సాఫ్టువేరు పరీక్షకులు ఇరవై యేళ్ళ కిందట వేసినదే. ఆ బాట వెంట వెనక్కు నడిస్తే, ప్రతి మలుపులోనూ ఒకే ప్రశ్న ఎదురవుతుంది: ఎవరిని ఇంటివాడుగా ఎంచాలి?

1990లలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును ఇతర ప్రోగ్రాములు నడపగలిగేవి. అయితే ఆ సదుపాయం విండోసు గడప దాటలేదు. 2004లో షికాగోలోని థాట్‌వర్క్స్ సంస్థలో పనిచేస్తూ జేసన్ హగ్గిన్స్ వేరొక ఉపాయం పన్నాడు. ఏ బ్రౌజరుకైనా జావాస్క్రిప్టు తెలుసు కనుక, నడిపించే ప్రోగ్రామును దానితోనే వ్రాసి పేజీలోనే కూర్చోబెట్టాడు. నాటి పోటీ సంస్థ పేరు మెర్క్యురీ. పాదరసపు విషానికి సెలీనియం విరుగుడంటూ చమత్కరించి తన పనిముట్టుకు ఆ పేరే పెట్టాడు.

కాని ఒక సైటు నుండి వచ్చిన స్క్రిప్టు మరొక సైటు పేజీని తాకరాదన్నది బ్రౌజర్ల పాత కట్టుబాటు. దానిని దాటడానికి తరువాతి కూర్పు నడుమ ఒక ప్రాక్సీని నిలిపి, రెండూ ఒకచోటినుండే వస్తున్నాయని బ్రౌజరును నమ్మించింది. మారువేషంతో లోపలికి వెళ్ళడమన్నమాట.

మారువేషం అక్కరలేకుండా, ఒక్కొక్క బ్రౌజరును దాని సొంత మార్గాన బయటినుండే నడిపే వెబ్‌డ్రైవరును సైమన్ స్టీవర్ట్ రూపొందించాడు. 2009లో ఈ రెండు ప్రయత్నాలూ ఏకమయ్యాయి. 2018 జూన్‌లో వెబ్‌డ్రైవరు డబ్ల్యు3సి ప్రమాణమైంది. క్రోము మాత్రం డెవలపర్ల కోసం తనదైన వాకిలి ఒకటి పెట్టుకుంది. 9222 అన్న పోర్టు సంఖ్యతో వాడుకలోకి వచ్చిన ఆ వాకిలిగుండానే 2017లో పపెటీరు, 2020లో ప్లేరైట్ వచ్చాయి.

ఈ వాకిలికి పేరు అడిగేవారు లేరు, సంకేతపదం లేదు. 127.0.0.1, అనగా "ఈ యంత్రమే" అన్న చిరునామా నుండి పిలిచినవారు ఇంటివారే అన్న నమ్మకమొక్కటే దానికి కాపలా. పరీక్ష కోసం తెరిచి, పరీక్ష కాగానే మూసివేసే ఖాళీ బ్రౌజరుకు అంతమాత్రం చాలు.

ఇంతలో "ఈ యంత్రం" అన్న మాటకే అర్థం మారింది. 2016లో మైక్రోసాఫ్టు విండోసులోనే లినక్సు ప్రోగ్రాములు నడిచే ఏర్పాటు చేసింది. దాని మొదటి కూర్పులో రెండింటికీ నెట్‌వర్కు ఒకటే. 2020లో అందరికీ అందిన రెండవ కూర్పులో లినక్సు తన సొంత కెర్నెలుతో ఒక వర్చువల్ మెషీనులో వేరు కాపురం పెట్టింది. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు వెలిగాయి. లినక్సు వైపు 127.0.0.1 అంటే లినక్సే, విండోసు కాదు.

2024 నవంబరులో ఏజెంట్లకు పనిముట్లను జోడించే ఎంసీపీ ఒడంబడికను ఆంత్రోపిక్ ప్రకటించింది. డెవలపర్లలో చాలామందికి ఏజెంటు లినక్సు వైపు, నిత్యం వాడే క్రోము విండోసు వైపు ఉంటాయి. ఏజెంటు 9222 తలుపు తడితే బదులు పలికేవారు లేరు. దీనికి తోచిన మొదటి ఉపాయం విండోసులో పోర్టును దారి మళ్ళించి, ఫైర్‌వాలులో కంత చేయడం. అజాగ్రత్తగా చేస్తే ఆ కంత ఇంటి వై-ఫైలో ఉన్న ప్రతివారికీ తెరుచుకుంటుంది. లోపల ఉన్నదేమో మన బ్యాంకు, మన ఉత్తరాలు. 2023లో విండోసు 11కు వచ్చిన "ప్రతిబింబ" నెట్‌వర్కు రెండు వైపుల 127.0.0.1ను కలిపింది. కాని ఆ చిరునామా మీది నమ్మకం సంగతి అలాగే ఉండిపోయింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దల మాట. కుకీలు దొంగిలించే ప్రోగ్రాములు ఈ వాకిలినే వాడుకోసాగాయి. అందుకే 2025లో క్రోము 136వ కూర్పు నుండి, రోజూ వాడే ప్రొఫైలుకు ఆ తెరుపు ఆదేశం చెల్లదు. వేరే ప్రొఫైలు సంచిని చూపించవలసిందే.

మరొక మార్గం ఉంది, అది వీటన్నిటికంటే పాతది. 1973లో యూనిక్సులో కెన్ థామ్సన్ అమర్చిన పైపు. లినక్సు వైపునుండి విండోసు ప్రోగ్రామును నేరుగా పిలవవచ్చు. పిలిచినవాని మాట, దాని బదులు ఆ గొట్టంలోనే ప్రవహిస్తాయి. ఎంసీపీ కూడా ఈ పద్ధతిని అంగీకరిస్తుంది. కనుక బ్రౌజరును నడిపే సహాయకుణ్ణి విండోసు వైపే నిలిపి, ఏజెంటు దానితో పైపుద్వారా మాట్లాడితే సరిహద్దు మీద పోర్టు తెరవనక్కరలేదు. పోర్టు ఎవరు తట్టినా పలుకుతుంది. పైపుకు మాత్రం రెండు కొసలే, ఆ కొసలు ఎవరి చేతిలో ఉన్నాయో ముందే తెలుసు.

అయినా పైపు కాపాడేది దారిని మాత్రమే. ఏజెంటు చదివే పేజీలో ఎవరో వ్రాసి ఉంచిన మాటలను అది యజమాని ఆజ్ఞగా పొరబడితే, ఆ మాటలు భద్రంగా అదే పైపులోంచి వెళతాయి. నాటి పరీక్షకుని ప్రోగ్రాము వ్రాసిచ్చినదే చేసేది. నేటి ఏజెంటు చదివినదానిని బట్టి నిర్ణయించుకుంటుంది. అందుచేత దానికి ఖాళీ ప్రొఫైలు ఇచ్చి, పనికి కావలసిన ఒక్క ఖాతాను మాత్రమే తెరిచి ఉంచడం మేలు. పనికి వచ్చినవానికి పెరటి తలుపు తీస్తాము గాని, ఇనప్పెట్టె తాళపుచెవి ఇవ్వము కదా!