రోమన్ బడిలో ఒప్పించే విద్య
రోమన్ సామ్రాజ్యంలో వ్యాకరణ పాఠాలు ముగించిన బాలురు వక్తృత్వ గురువు వద్ద చేరి, సందిగ్ధంలో పడిన పురాణ, చరిత్ర పురుషులకు సలహా చెప్పే ‘సువాసోరియా’ అనే ప్రసంగాన్ని సాధన చేసేవారు. మహాసముద్రం అంచున నిలిచిన అలెగ్జాండర్ ఓడ ఎక్కాలా, వెనుదిరగాలా అన్నది అలాంటి అంశమే. రాజు అహం దెబ్బతినకుండా మాట నెగ్గించుకోవడంలోనే కుర్రవాడి నేర్పు బయటపడేది. కల్పిత వ్యాజ్యంలో ఒక పక్షాన వాదించే ‘కాంట్రోవర్సియా’ ఆ తరువాతి మెట్టు. వెస్పాసియన్ చక్రవర్తి కాలంలో ఖజానా నుంచి జీతం పొందిన వక్తృత్వ గురువు క్వింటిలియన్, క్రీ.శ. 95 ప్రాంతంలో రాసిన 12 భాగాల గ్రంథంలో, మాంత్రికులు, క్రూరులైన సవతి తల్లులు నిండిన వ్యాజ్యాలను తప్పుబట్టి, అభ్యాసం నిజమైన న్యాయస్థానానికి దగ్గరగా ఉండాలన్నాడు. పిల్లలను కొట్టడాన్ని నిర్ద్వంద్వంగా ఖండించిన ఈ మహోపాధ్యాయుడు, బాల్యంలో మాట పొంగిపొర్లితే దిద్దవచ్చునని, ఎండిపోతే మాత్రం మందు లేదని బోధించాడు.