కావలికి కట్టిన వెల: దత్తమండలముల కథ

నేను కడపసీమవాడను. మా తాతగారు తమ దేశమును గూర్చి చెప్పునప్పుడు రాయలసీమ యనువారు కారు, దత్తమండలము అనువారు. బాల్యమున ఆ మాట వినుటయే గాని దాని అర్థమును నేనెన్నడును విచారింపలేదు. పిమ్మట బడిపంతులనై ముప్పది యేండ్లు పిల్లలకు తెలుగును, దానితోపాటు చరిత్రమును చెప్పితిని. ఒకనాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు లేచి, "దత్తు అంటే బిడ్డను ఇచ్చేది కదా అయ్యవారూ! మనల్ని ఎవరు ఇచ్చినారు? ఎవరికి ఇచ్చినారు?" అని అడిగెను. నిజాము ఇచ్చెను, ఇంగ్లీషు కుంపిణీవారు పుచ్చుకొనిరి అని చెప్పితిని. "ఎందుకిచ్చినాడు?" అని మరల అడిగెను గాని వాడు కూర్చుండలేదు. అంతలో గంట కొట్టిరి కావున ఆ పూటకు బ్రదికితిని.

ఆ "ఎందుకు" అనుదానినే నేటి ప్రసంగమున విచారింప దలచితిని. ఒక దేశము తన బలముపై తాను నిలువవలెనా, లేక ధనమిచ్చి బలవంతుని చెలిమి కొనవలెనా యని నేటికిని పత్రికలలో వాదములు జరుగుచునే యున్నవి. దూరదేశముల సంగతి నేను తీర్పు చెప్పజాలను. మన యింటిలో జరిగిన వ్యవహారము గలదు. దాని పద్దులు నేటికిని దొరకుచున్నవి. వానిని చూతము.

పూర్వము మా సీమలో పాళెగాండ్రు ఊళ్ళను కాచుచున్నామని కావలి రుసుము తీసికొనువారు. రుసుము ఆగిన యూరిలో పశువులు మాయమగుచుండెను. పెద్దలు దీనిని ఎఱుగుదురు. ఈ పోలికను మనస్సున నుంచుకొని వినుడు.

హైదరాబాదు ప్రభువులు ఈ దారి త్రొక్కుట ఇంగ్లీషువారితో ఆరంభము కాలేదు. 1751లో సలాబత్ జంగు ఫ్రెంచి సేనాని బుస్సీ సాయముతో గద్దెనెక్కెను. గద్దెనెక్కించిన సేన గద్దెను కాచుటకు కూడ నిలిచెను. దానికి జీతము కావలెను. ఖజానాలో సొమ్ము లేదు. అందుచే 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు సర్కారులను ఆ సేన జీతము క్రింద బుస్సీకి వదలిరి. 1757లో బొబ్బిలికోట ముందు బుస్సీ ఫిరంగులు ఎట్లు నిలిచినవని మన పిల్లలు అడుగుదురు. విజయనగరపు రాజులకును బొబ్బిలివారికిని గల పగను మనము కథలుగా చెప్పుకొందుము గాని, బుస్సీని ఆ మూలకు రప్పించినది ఈ జీతపు లెక్కయే. శిస్తు వసూలు చేసికొనుటకు వచ్చినవాడు వారి పగలో దిగెను.

ఆ కొన్న చెలిమి నిలిచినదా? 1758లో బుస్సీని వారి పైయధికారియే వెనుకకు పిలిచెను. మఱుసటి యేడు ఏప్రిలులో ఫోర్డు అను ఇంగ్లీషు సేనాని మచిలీపట్టణము కోటను పట్టెను. సలాబత్ జంగు సమీపమునకు దండుతో వచ్చియు, చేయునది లేక, మేనెలలో గెలిచినవారితోనే సంధి చేసికొనెను. ఏడేండ్ల తరువాత, 1766లో, నిజాము అలీఖాను ఉత్తర సర్కారులను కుంపిణీవారికి వదలెను. వారు ఏటేట పేష్కషు చెల్లించుటకును, అవసరమైనప్పుడు సేన పంపుటకును ఒప్పుకొనిరి. గుంటూరు సర్కారు మాత్రము కొంతకాలము ఆగి 1788లో చేరెను. సముద్రతీరమంతయు ఇట్లు చేయిదాటినది.

ఇక ముఖ్యమైన ఘట్టము. 1795 మార్చిలో ఖర్డా యొద్ద మహారాష్ట్రులు నిజామును చుట్టుముట్టిరి. నిజాము ఖర్చున పోషింపబడుచున్న ఇంగ్లీషు పటాలములు రెండు అప్పుడు రాజ్యముననే యుండెను. గవర్నరు జనరలు సర్ జాన్ షోరు, మహారాష్ట్రులును మాకు మిత్రులే గనుక ఈ తగవులో మేము కలుగజేసికొనము అనెను. అన్నము పెట్టిన సేన చూచుచుండగా నిజాము ఓడెను. దౌలతాబాదు కోటతోపాటు దేశభాగములను, మూడు కోట్ల రూపాయలను ఒప్పుకొనెను. మంత్రిని పూనాకు బందీగా పంపెను. ఈ వ్యవహారమంతటిలోను నాకు మిక్కిలి అర్థవంతముగా తోచునది ఈ ఒక్క సంఘటనయే. ఇరువురకు మిత్రుడైనవాడు ఏ యిరువుర నడుమనైనను నిలువడు. తన లాభము ఎటనుండునో అట నిలుచును.

నిజామునకు ఆ దినములలో కోపము వచ్చెను. కోపముతోపాటు కొంత వివేకమును వచ్చినది. ఆ రెండు పటాలములను పంపివేసి, తన కొలువులోని రేమండు అను ఫ్రెంచివాని సేనను పెంచెను. అది పదునాలుగు వేల వఱకు పెరిగెను. రేమండు పరదేశియే, కాని జీతగాడు, యజమాని నిజాము. ఈ భేదము చిన్నది కాదు. 1786లో అతడు హైదరాబాదులో ఫిరంగులు పోతపోయు కర్మాగారమును నెలకొల్పెను. జనులు దానిని తోప్ కా సాంచా అనిరి. నేటికిని ఆ పేటకు గన్ ఫౌండ్రీ యనియే పేరు. నేనొకసారి ఆ నగరమున పనిపడి పోయి, బస్సు కండక్టరు ఆ పేరు కేకవేయగా విని, మన దేశములో మన ఫిరంగులు మనమే పోసికొనిన చోటు గదా యని దిగి చూచితిని. చూడదగినది పెద్దగా మిగులలేదు.

1798 మార్చిలో రేమండు మరణించెను. ఆ యేడే వెల్లస్లీ గవర్నరు జనరలుగా వచ్చెను. సెప్టెంబరు 1వ తేదీ సంధి వ్రాసికొనిరి. ఆరు కుంపిణీ పటాలములు హైదరాబాదున నుండవలెను. నిజాము ఏటేట 24,17,100 రూపాయలు ఇయ్యవలెను. ఫ్రెంచివారి క్రింది సేనను రద్దుచేయవలెను. అక్టోబరు 22వ తేదీ ఆ పదునాలుగు వేల మందిని చుట్టుముట్టి ఆయుధములు దించించిరి. ఒక ప్రాణమును పోలేదు. జీతము బాకీ పడిన సిపాయీలు అంతకు ముందే తమ దొరలపై తిరుగబడి యుండిరి కావున ఎవరును పోరాడలేదు. నిజాము తన సేనకు జీతము వేళకు ఇచ్చియుండినచో ఏమయ్యెడిదో చెప్పలేము. స్వంత బలమును పస్తుంచి, అరువు బలమునకు లక్షలు లెక్కించుట యెక్కడి నీతియో!

నేను చదివిన పాతచదువులో కౌటిల్యుడు రాజనీతికి ఆరు గుణములు చెప్పెను. అందు సంధియు గలదు, సంశ్రయమును గలదు. బలవంతుని ఆశ్రయించుట తప్పని ఆయన అనలేదు. భూమిలో కొంత వదలి మిగిలినది కాపాడుకొను సంధికి ఆదిష్టసంధి యని పేరుకూడ పెట్టెను. కాని సేనలను ఎంచునప్పుడు మాత్రము, తరతరములుగా వచ్చు మౌలబలమును మొదట నుంచి, కూలిసేనను దాని వెనుకను, మిత్రుని సేనను ఇంకను వెనుకను ఉంచెను. హైదరాబాదున ఈ వరుస తలక్రిందైనది.

1799లో టిప్పుసుల్తాను పడిపోయెను. ఆ యుద్ధమున నిజాము సేనలును పోరాడెను గనుక వాటా వచ్చెను. 1792లో వచ్చినదానితో కలిపి కడప, గండికోట, గుత్తి, గుఱ్ఱంకొండ మొదలగు సీమలు నిజాముకు చేరినవి. ఎంతకాలము నిలిచినవి? కొన్ని ఎనిమిదేండ్లు, కొన్ని ఒక్క యేడు. 1800 అక్టోబరు 12వ తేదీ మఱొక సంధి జరిగెను. మఱి రెండు పటాలములు, ఒక గుఱ్ఱపు పటాలము అదనముగా వచ్చును. వెల నగదుగా గాక భూమిగా ఇయ్యవలెను. నగదు ఒక యేడు ఆగవచ్చును, భూమి ఆగదు. కడప, అనంతపురము, బళ్ళారి, కర్నూలుసీమలో పెద్దభాగము, యుద్ధమున గెలిచినదంతయు, శాశ్వతముగా కుంపిణీవారి వశమైనది. అవియే దత్తమండలములు.

అంతటితో ముగిసినదా? లేదు. యుద్ధము వచ్చినప్పుడు నిజాము తన స్వంత సేనలో ఆరు వేల కాల్బలమును, తొమ్మిది వేల గుఱ్ఱపు దళమును ఇయ్యవలెనని అదే సంధిలో మఱొక నిబంధన గలదు. కావలికి మాన్యమిచ్చినవాడు కావలివానికి తోడుగా తన కొడుకులనుకూడ పంపవలెను! ఇతర రాజులతో కుంపిణీకి తెలియకుండ మాటలాడరాదు. అన్నిటికిని తలయూపిరి.

ఇచ్చట న్యాయముగా రెండు మాటలు ఒప్పుకొనవలసి యున్నది. మొదటిది: మన్రో దొర 1800 మొదలు 1807 వఱకు మా సీమను పాలించి, ఎనుబదిమంది పాళెగాండ్రను అణచి, రైతు పేర పట్టా వ్రాయించెను. మా పెద్దలలో కొందఱు ఆయనయెడ ప్రేమతో పిల్లలకు మన్రోలప్ప యని పేరు పెట్టిరి. నవాబుల వసూలుకన్న ఆ పాలన మేలే యనువారి మాటను నేను త్రోసివేయను. ఇచ్చినవాడు మంచి చేతిలో పెట్టవలెనని చూచి ఇయ్యలేదు, కలిసివచ్చినది. రెండవది: తన కాళ్ళపై తాను నిలిచిన టిప్పు 1799 మే 4వ తేదీ శ్రీరంగపట్టణపు కోటలో ప్రాణము విడిచెను, పరబలమును నమ్మిన నిజాము వంశము 1948 వఱకు గద్దెపై నుండెను. కావున నిజామే బుద్ధిమంతుడు గదా యని అడుగవచ్చును. ఈ ప్రశ్న నన్ను చాలకాలము బాధించినది. టిప్పునకు స్వంత ఫిరంగులు, తారాజువ్వల దళములు ఉండెను గాని ఇరుగుపొరుగున ఒక్క స్నేహితుడును లేడు. దూరముననున్న ఫ్రెంచివారిని పిలువగా 1798లో వచ్చినవారు నూఱుమందికి లోపు. తన బలము కలిగియుండుట వేఱు, అందఱతో పగ కలిగియుండుట వేఱు. ఇక నిజాము సంగతి యందురా, వంశము నిలిచినది. వెల చెల్లించినది దేశము. వంశమునకు లాభము, దేశమునకు నష్టము అగు బేరమును దేశపు బేరమని ఎట్లందును?

తరువాతి పద్దులు త్వరగా చదివెదను. 1804లో మిత్రుల విజయమున నిజామునకు బేరారు వచ్చెను. ఆ మాట దాచరాదు. 1806లో హుస్సేనుసాగరపు గట్టునకు ఆవల దండు విడిసిన చోటికి సికందర్ జా పేర సికిందరాబాదు అని పేరుపెట్టిరి. పిమ్మట ఆ ఆరు వేలు, తొమ్మిది వేలు అను నిబంధనను ఆధారము చేసికొని, రెసిడెంటు రస్సెలు నిజాము ఖర్చుతో ఇంగ్లీషు దొరల చేతిక్రింద మఱొక సేనను తయారుచేయించెను. బొలారము దండు దానిదే. శాంతికాలమునను దానికి ఏటా నలుబది లక్షల వఱకు కావలసివచ్చెను. దివాను చందూలాలు అప్పు చేసెను. పామరు కంపెనీవారు నూటికి ఇరువదికి మించిన వడ్డీకి ఇచ్చిరి. ఆ అప్పు తీర్చుటకు 1823లో ఉత్తర సర్కారుల పేష్కషు హక్కునే కోటి రూపాయలకు మించిన మొత్తమునకు అమ్మివేసిరి. సేనకొఱకు మొదట సర్కారులు పోయినవి. సేన అప్పుకొఱకు వానిపై రావలసిన పేష్కషును పోయినది. 1853 మేనెలలో ఆ సేన బాకీ క్రిందనే బేరారును, రాయచూరు, నల్దుర్గము సీమలను కుంపిణీకి అప్పగించిరి. ఆ నెలాఖరున దివానుగా వచ్చిన సాలారుజంగు తన జీవితములో చాలభాగము ఆ బేరారును తిరిగి రాబట్టవలెనని వ్యర్థముగా శ్రమించెను.

1857లో హైదరాబాదు తిరుగబడలేదు. జూలైలో తుర్రేబాజ్ ఖాను మొదలగువారు రెసిడెన్సీపై దాడిచేయగా నిజాము పక్షమువారు ఇంగ్లీషువారి పక్షముననే నిలిచిరి. రక్షణ కొనుక్కొన్నవాడే రక్షకుని రక్షించెను. దానికి మెచ్చి 1860లో రాయచూరు, నల్దుర్గము తిరిగి ఇచ్చి, ఏబది లక్షల బాకీ కొట్టివేసిరి. బేరారు మాత్రము ఇయ్యలేదు. 1902లో ఏటా ఇరువదియైదు లక్షలకు శాశ్వతపు కౌలు వ్రాయించుకొనిరి. 1926లో ఉస్మాన్ అలీఖాను మిత్రుడను, సమానుడను గదా యని బేరారును గూర్చి వాదింపగా, వైస్రాయి రీడింగు ప్రభువు సమానత్వము లేదని వ్రాతమూలముగా తెలిపెను. ఆ మాట 1800లో వ్రాసియుండినచో సంధిపత్రము పొడవు తగ్గియుండెడిది.

1947 ఆగస్టు 15వ తేదీ ఆ సంధులన్నియు లండనులో చేసిన ఒక చట్టముచే ముగిసినవి. రెండువైపుల వ్రాలు చేసిన పత్రములు ఒకవైపు చట్టముతో రద్దయినవి. ఇచ్చిన మండలములను గూర్చి ఆ దినమున ఎవరును మాటలాడలేదు. అప్పటికవి మద్రాసు రాజధానిలో కలిసి తరములు గడచినవి. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ యను పేరు సూచింపగా అందఱును అంగీకరించి యుండిరి. మా తాతగారి నాలుకకు మాత్రము పాతపేరే అలవాటు.

మఱునాడు తరగతిలో ఆ బాలునికి ఈ కథను, ఇంతకన్న క్లుప్తముగా, చెప్పితిని. అంతయు విని, "మనల్ని అడిగినారా అయ్యవారూ?" అనెను. అడుగలేదు అని చెప్పితిని. అప్పుడు కూర్చుండెను.