నేవీ చారల మీద ఆ చుట్టు ఎవరిది?

మన గ్రూపులో నేవీ నోటిఫికేషన్ల గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. వయసెంత, ఎత్తెంత, ఎంత దూరం పరిగెత్తాలి అనేవి వేరే పోస్టుల్లో ఉన్నాయి. మేం హాస్టల్లో నలుగురం కూర్చుని చదివింది వేరే సంగతి. ఆ యూనిఫాం మీది బంగారు చారలు ఎక్కడివి?

ముందు వాటిని చదవడం నేర్చుకుందాం. ఆఫీసరు కోటు చేతి అంచునో, తెల్ల చొక్కా భుజాల మీద ఉండే నల్ల పట్టీల మీదో జరీ చారలుంటాయి. ఒకటుంటే సబ్ లెఫ్టినెంట్. రెండుంటే లెఫ్టినెంట్. ఆ రెంటి మధ్య సన్న చార ఒకటి దూరితే లెఫ్టినెంట్ కమాండర్. మూడు కమాండర్, నాలుగు కెప్టెన్. అన్నిటికన్నా పై చార మాత్రం తిన్నగా పోదు, మధ్యలో ఒక చుట్టు తిరుగుతుంది. అసలు కథంతా ఆ చుట్టులోనే ఉంది.

ఇదంతా బ్రిటిష్ నేవీ నుంచి వచ్చింది. అక్కడ ఆఫీసర్లకు 1748లో మొదటిసారి యూనిఫాం పెట్టారు. తమకూ సైన్యం వాళ్లలాగా ఒక గుర్తింపు కావాలని ఆఫీసర్లే అడిగారు. తాళ్లు లాగి, తెరచాపలెక్కి, ఫిరంగులు పేల్చిన మామూలు నావికులకు మాత్రం 1857 దాకా అధికారిక యూనిఫాం లేదు. నూట తొమ్మిదేళ్లు! ఓడలో అమ్మే గుడ్డ కొనుక్కుని చాలామంది తమ బట్టలు తామే కుట్టుకునేవారు.

1795లో భుజాల మీద కుచ్చుల ఎపాలెట్లు వచ్చాయి. మూడేళ్ల సీనియారిటీ దాటిన కెప్టెన్‌కి రెండు, దాటనివాడికి కుడి భుజం మీద ఒకటి, కమాండర్‌కి ఎడమ భుజం మీద ఒకటి. లెఫ్టినెంట్‌కి 1812 దాకా ఏమీ లేదు. ఇక్కడో తమాషా ఉంది. ఇవి ఫ్రెంచివాళ్ల ఫ్యాషన్. 1783లో ఫ్రాన్స్ వెళ్లిన నెల్సన్, అక్కడ ఇద్దరు ఇంగ్లీషు ఆఫీసర్లు ఇవి తగిలించుకు తిరగడం చూసి, వట్టి షోకిలాలని ఉత్తరంలో వెక్కిరించాడు. తర్వాత అవే ఆయన భుజాలెక్కాయి. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో ఆయన్ని చంపిన తూటా ఎడమ ఎపాలెట్ దగ్గరే దిగింది. చిల్లు పడిన ఆ కోటు గ్రీనిచ్ మ్యూజియంలో ఉంది.

చేతి అంచున చారలు వచ్చింది 1856లో. చాలామంది ఆ చుట్టుని ‘నెల్సన్ రింగ్’ అంటారు, ఆయన పేరుతో కథలు కూడా చెబుతారు. తారీఖులు పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన పోయిన యాభై ఏళ్లకు గానీ ఆ చుట్టు పుట్టలేదు.

ఆ చుట్టు కూడా అందరికీ ఇవ్వలేదు. ఓడని నడిపించి, యుద్ధం చేయించే ఎగ్జిక్యూటివ్ శాఖ వాళ్లకే. అప్పటికే ఓడల్లో ఆవిరి యంత్రాలు వచ్చేశాయి. కింద బొగ్గు మసిలో, వేడిలో యంత్రాల్ని చూసుకునే ఇంజనీరు లేకపోతే ఓడ కదలదు. అయినా 1863లో ఇంజనీర్లకు, డాక్టర్లకు, జీతాల లెక్కలు చూసేవాళ్లకు చుట్టు లేని చారలిచ్చి, మధ్యలో రంగు గుడ్డ పెట్టారు. ఇంజనీరుకి ఊదా, డాక్టరుకి ఎరుపు, లెక్కలవాడికి తెలుపు. హోదా సమానమే అయినా, చూడగానే ఎవరు ‘అసలు’ ఆఫీసరో తెలిసిపోవాలన్నమాట. పనిని బట్టి మనిషికి రంగు వేయడం మనకు కొత్త విషయమేం కాదు కదా.

1903 నుంచి ఇంజనీర్లు కాబోయేవాళ్లనీ మిగతావాళ్లనీ ఒకే చోట చేర్చుకుని చదివించడం మొదలుపెట్టారు. 1915లో ఇంజనీర్లకు చుట్టు దక్కింది, ఊదా రంగు మాత్రం పోలేదు. 1918లో మిగతా శాఖలకూ ఇచ్చారు. ఆడవాళ్ల సంగతి ఇంకా ఆలస్యం. 1917లో పెట్టిన మహిళా విభాగం ఆఫీసర్లకు బంగారు చార బదులు నీలం చార, చుట్టు బదులు డైమండు ఆకారం. ఆ విభాగాన్ని నేవీలో పూర్తిగా కలిపిన 1993లో గానీ వాళ్లకు బంగారు జరీ రాలేదు.

మన దేశంలో 1934లో రాయల్ ఇండియన్ నేవీ ఏర్పడింది, చారలు అవే. యుద్ధకాలంలో వాలంటీర్ రిజర్వులో చేరిన ఆఫీసర్లకు అక్కడిలాగే అలల్లా వంకర తిరిగిన చారలు. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో ‘తల్వార్’ దగ్గర తిరగబడింది మాత్రం ఈ చారలేవీ లేని నావికులు. తిండి బాగాలేదని, తెల్ల ఆఫీసర్లు జాతి పేరుతో తిడుతున్నారని మొదలైన ఆ సమ్మె మిగతా రేవులకూ పాకింది.

1950 జనవరి 26న కిరీటం గుర్తు పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. అయినా నేవీకి మొదటి భారతీయ అధిపతిగా కటారి రావడానికి 1958 ఏప్రిల్ దాకా పట్టింది. 2023 డిసెంబరులో అడ్మిరల్‌ల భుజపట్టీలు మార్చి, శివాజీ ముద్ర నుంచి తీసుకున్న ఎనిమిది పలకల ఆకారం, కత్తి, దూరదర్శిని పెట్టారు. వలస గుర్తులు వదిలించుకోవడానికే అన్నారు. అడ్మిరల్ కింది ఆఫీసర్ల చారల మీద చుట్టు మాత్రం అలాగే ఉంది. నేవీ డే వేడుకలకు వెళ్లేవాళ్లు దగ్గర నుంచి చూడండి, ఇప్పుడది ఇంజనీరు భుజం మీదా కనిపిస్తుంది.