పొట్టి బోగీ కథ

నా బొమ్మరైలు పెట్టెలలో రెండింటిని పక్కపక్కన నిలబెడితే ఒకటి అబద్ధమని ఇట్టే తెలిసిపోతుంది. రెండూ 26.4 మీటర్ల జర్మను బోగీకి నమూనాలే. అందులో 87వ వంతంటే 30 సెంటీమీటర్ల పైమాట. మేర్క్‌లిన్ వారి పాత రేకు బోగీ మాత్రం 24 దగ్గరే ఆగిపోయింది.

తప్పు తయారీదారులది కాదు, భోజనాల బల్లది. 1891లో లైప్‌జిగ్ సంతలో ఆ సంస్థ పట్టాల కొలతలకు వరుస సంఖ్యలిచ్చిన నాటికి బొమ్మరైళ్ళు భారీవి. 1వ సంఖ్య పట్టాల ఎడమే 45 మిల్లీమీటర్లు. 1935లో అదే సంస్థ 16.5 మిల్లీమీటర్ల పట్టాలు తెచ్చింది. రైలు బల్లమీదికెక్కింది సరే, మరి మలుపో? నా పట్టాల మలుపు వ్యాసార్థం 36 సెంటీమీటర్లు. అసలు రైలుకు లెక్కగడితే 31 మీటర్లు! ఏ ఎక్స్‌ప్రెస్సూ అందులో తిరగలేదు. పొడుగు బోగీ నడుము లోపలికీ, కొసలు బయటికీ తన్నుకొస్తాయి. అందుకే నిలువునా కాక పొడవునే కత్తిరించారు. దరిమిలా 27, 28.2 అంటూ నిజానికి చేరువయ్యారు.

మన పెరంబూరు ఐ.సి.ఎఫ్. బోగీ సుమారు 21.3 మీటర్లు కనుక ఇదే లెక్కన 24.5 సెంటీమీటర్లే, కత్తిరింపు అక్కరలేదు. కానీ మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజికి 19 పైచిలుకు పట్టాలు కావాలి. దాన్ని 16.5 మీద నిలిపితే అక్కడ మరో అబద్ధం.

చూపడానికి పొడుగుదాన్నే అద్దాల బీరువాలో ఉంచాను. నడపడానికి రేకుదే. పొడుగుది మొన్న కూడా సొరంగం గోడను గీరింది.